ట్రైలర్ నెత్తిన ఫ్యాన్

మా ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండి) పైకప్పుకి ఎట్టకేలకు, లోపలి గాలిని బయటికి నెట్టే వెంట్ ఫ్యాన్ బిగించాను. పాత వెంట్ రంధ్రం 14 అంగుళాలకి 14 అంగుళాలు. కొత్త ఫ్యాన్‌దీ అదే కొలత, కప్పు కోసే పని లేదు. గంటలో అయిపోతుందనుకున్నా. నీళ్లు దిగకుండా అంచుల్లో పూసిన పాత సీలెంట్ గీకడానికే పూటంతా పట్టింది!

మాది రబ్బరు కప్పు. ఇనుప బ్లేడు ఎక్కడ దిగబడుతుందోనని ఒకటే టెన్షన్. ప్లాస్టిక్ ముక్కతో నెమ్మదిగా లేపుకుంటూ వచ్చాను. ఇంట్లో ఉన్న సిలికాన్ ట్యూబు పూసేద్దామని చెయ్యి లాగింది గానీ, ఈ రబ్బరుకి అది సరిగ్గా అతుక్కోదు. ఫ్యాన్ అంచు కింద బ్యూటైల్ టేపు (జిగటగా ఉండే మెత్తటి రబ్బరు పట్టీ), పైన ప్రతి స్క్రూ తలకీ కప్పుకి పనికొచ్చే సీలెంట్ పెట్టాను. స్క్రూలు మరీ బిగిస్తే ప్లాస్టిక్ అంచు పగులుతుంది, అక్కడ మాత్రం బుద్ధిగా ఉన్నా.

వైరింగ్ 12 వోల్టులే. బ్యాటరీ తీసేసి కలిపాను, మళ్లీ పెట్టి స్విచ్ వేస్తే గాలి బయటికి పోకుండా నా మొహానికే కొట్టింది. పాజిటివ్, నెగటివ్ తారుమారు చేశాను మరి!

సరిచేశాక కూడా పెద్దగా తేడా తెలియలేదు. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. ఆ చివర పడక దగ్గర కిటికీ కాస్త తెరిచానో లేదో, చల్లగాలి ట్రైలర్ పొడవునా పారింది.

రాత్రి వాన పడింది. మూడుసార్లు లేచి టార్చితో కప్పు తడిమి చూశాను. పొడిగానే ఉంది.