పెద్దమ్మ పట్టుకున్న చెయ్యి

మొన్న ఆగస్టుతో నా 12 నెలల మందుల కోర్సు అయిపోయింది. ఇప్పుడు భయం తగ్గింది కాబట్టి రాస్తున్నాను. నాకు కుష్టు వచ్చింది. ఆ మాట నోటితో అనడానికే నాకు ఏడాది పట్టింది.

కాజీపేటలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఒకరోజు పట్టుగుడ్డ మీద రక్తం మరకలు కనబడితే ఎక్కడిదా అని వెతికాను. నా చిటికెన వేలిలో సూది దిగి ఉంది, నాకు తెలియనే లేదు. మోచేతి కింద పాలిపోయిన మచ్చ రెండేళ్ల నుంచి ఉంది, తామర అనుకుని ఏవో ఆయింట్‌మెంట్లు రాస్తూ వచ్చాను.

ముందు ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లాం. డాక్టర్ పెన్ను మూతతో మచ్చ నొక్కి, కుర్చీ వెనక్కి జరుపుకుని, "ఆ చెయ్యి టేబుల్ మీంచి తియ్యమ్మా" అన్నాడు. మా ఆయనతో "కంచం, గ్లాసు వేరే పెట్టండి" అన్నాడు. చదువుకున్నవాడు! ఇది ముట్టుకుంటే అంటుకునే జబ్బు కాదని, మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటే భయం పోతుందని ఆయనకు తెలియదా? ఆ ఒక్క మాటతో మా ఇంట్లో నాకు వేరే కంచం, వేరే మంచం వచ్చాయి. ఆడబిడ్డ విడాకుల మాట ఎత్తింది. కుష్టు ఉందని విడాకులు అడిగే వీలు 2019 దాకా మన క్రైస్తవుల చట్టంలోనూ ఉండేదని, ఆ ఏడాది దాన్ని తీసేశారని నాకు తర్వాత తెలిసింది. చెప్పడానికి బాధగా ఉంది కానీ, సంఘంలో కూడా ప్రభు బల్ల రోజున, అందరం పంచుకునే ద్రాక్షరసం కప్పు నాకు చివర్లో ఇచ్చారు.

వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎంలో పరీక్షలు, మాత్రలు అన్నీ ఉచితంగానే జరిగిపోయాయి.

మూడో నెలలో ఒక రాత్రి మాత్రం మర్చిపోలేను. మచ్చలు ఎర్రగా ఉబ్బాయి, జ్వరం, మోచెయ్యి నుంచి చిటికెన వేలి దాకా కరెంటు కొట్టినట్టు నొప్పి. చివరి రెండు వేళ్లు ముడుచుకుపోయాయి, ఎంత ప్రయత్నించినా చాపలేకపోయాను. బయట ఒకటే వాన. చెయ్యి పోతే కుట్టు పోతుంది, కుట్టు పోతే పిల్లల ఫీజులు ఎవరు కడతారు? పక్క గదిలో మా ఆయన మేలుకునే ఉన్నాడు, దగ్గు వినబడుతోంది. రాలేదు.

వీధి చివరి పెద్దమ్మకి ఫోన్ చేశాను. సొంత పెద్దమ్మ కాదు, మా మందిరంలో చాపలు పరిచే ముసలావిడ. తడుచుకుంటూ వచ్చింది. "ఏది బిడ్డా, చెయ్యి ఇటియ్యి" అని నా చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. చిటికెన వేలి వైపు నాకేమీ తెలియలేదు. బొటనవేలి వైపు మాత్రం ఆమె అరచేతి గరుకు, ఆ వేడి తెలిశాయి. అన్ని నెలల్లో ఆసుపత్రి వాళ్లు కాక నన్ను ముట్టుకున్న మొదటి మనిషి ఆమె.

వాళ్లమ్మ నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్టు ఆసుపత్రిలో ఆయాగా చేసిందట. ఇజబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ నిజాం కాలంలో, వందేళ్ల కిందట పెట్టిన ఆసుపత్రి అది. ఆ డాక్టరమ్మ కాలంలో ఈ మాత్రలు లేవు, చాల్‌మూగ్రా అనే గింజల నూనె సూదులే. "మా అమ్మ రోజూ పుండ్లు కడిగొచ్చి అదే చేత్తో మాకు అన్నం కలిపి పెట్టింది, మాకేమైంది?" అంది. మార్కు సువార్త మొదటి అధ్యాయం గుర్తు చేసింది. యేసయ్య ఆ కుష్టురోగిని బాగుచేశాక ముట్టుకోలేదు, ముట్టుకున్నాకే బాగుచేశాడు. ఒక్క మాటతో స్వస్థపరచగలిగినవాడు చెయ్యి ఎందుకు చాపాడు? "అపవిత్రుణ్ణి" అని అరుచుకుంటూ ఊరి బయట బతికినవాడికి రోగం కన్నా ముందు స్పర్శ కోసం ఉన్న ఆ ఆకలి తీరాలని నేను ఆ రాత్రి నుంచి నమ్ముతున్నాను.

తెల్లారి ఆమే ఆటోలో ఎంజీఎంకి తీసుకెళ్లింది. కుష్టులో వచ్చే ఈ వాపును రియాక్షన్ అంటారని, నరం వాచిందని చెప్పి స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి, వేళ్లకు పట్టీ వేశారు. వ్యాయామం నేర్పిన అమ్మాయి గ్లౌజులు లేకుండానే నా వేళ్లు ఒక్కొక్కటీ చాపేది. దేవుడు ఆమెను దీవించాలి.

మీ ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉంటే దాచకుండా చూపించుకోండి. కుష్టు మాత్రలకు ఒళ్లు నల్లబడుతుంది, నాకూ నల్లబడింది, దానికి భయపడి మానేయకండి. వేళ్లు ముడుచుకుంటే ఆ రోజే వెళ్లండి.

ఉంగరపు వేలు ఇప్పుడు చాపగలుగుతున్నాను, చిటికెన వేలు సగమే. మా ఆయన కంచాలు కలిపేశాడు, కానీ ఆ దగ్గు నా చెవుల్లోంచి పోలేదు, ప్రార్థన చేసుకుంటున్నాను. పెద్దమ్మకి క్రిస్మస్‌కి జాకెట్ కుడుతున్నాను. హుక్కులు వేరేవాళ్లకి ఇవ్వలేదు, నేనే కుడుతున్నాను, ఒక్కోదానికి పావుగంట పడుతోంది.