నాలుగు కాళ్ల రోబో, ఏడో వారం: కాలు ఎప్పుడు ఎత్తాలి?

గత వారం దాకా నా రోబో కాళ్ల కీళ్లు ఎప్పుడు ఎంత వంగాలో ముందే రాసిపెట్టిన కోణాల పట్టికను అనుసరించి నడిచేది. గదిలోని నున్నటి బండల మీద అది బాగానే నడిచింది. కానీ తిరుపతిలోని మా మిద్దె మీద, వాననీరు పోవడానికి వాలుగా వేసిన గరుకు సిమెంటుపై, ఐదారు అడుగులకొకసారి వెనక ఎడమ కాలు తట్టుకొని పడిపోయేది. కాళ్లను కదిలించే ఎంజీ996ఆర్ సర్వో మోటార్లకు కరెంటు చాలడం లేదేమోనని వాటికి విడిగా 6 వోల్టుల రెగ్యులేటరు పెట్టి చూసినా మార్పు రాలేదు. శరీరం బరువు ఇంకా ఆ కాలి మీదే ఉండగా దాన్ని ఎత్తుతున్నానని, వీడియోను నెమ్మదిగా చూసినప్పుడు అర్థమైంది.

మెదడు నుంచి ఆజ్ఞలు గాని, కాళ్ల నుంచి సమాచారం గాని అందకపోయినా, పిల్లి వెన్నుపాము కాలిని ముడిచే, చాచే కండరాలను లయబద్ధంగా ఆడించగలదని 1911లో శరీరధర్మ శాస్త్రవేత్త థామస్ గ్రాహం బ్రౌన్ చూపాడు. అయితే నడకకు ఆ లయ ఒక్కటే చాలదు. చీలమండను చాచే కండరాలపై బరువు ఉన్నంతసేపు కాలిని ఎత్తే కండరాల స్పందన అణగి ఉంటుందని 1980లో పరిశోధకులు డ్యూసెన్స్, పియర్సన్ నడిచే పిల్లులలో గమనించారు. నా పట్టికలో లోపించినది సరిగ్గా ఈ అదుపే.

అందుకని పట్టికను తీసివేసి, రోబోను నడిపే చిప్పు అయిన ఈఎస్‌పీ32లో కాలికొకటి చొప్పున నాలుగు డోలకాలు, అంటే కాలిని లయగా ఎత్తి దించే ప్రోగ్రాములు, రాశాను. ఒక్కో ఆవృత్తికి 1.2 సెకన్లు పడుతుంది. వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి అనే వరుసలో వాటి మధ్య ఆవృత్తిలో పావు వంతు తేడా నిలిచేలా ఒకదానినొకటి సరిచేసుకుంటాయి. మా మేనమామ గారి ఇంట్లోని పుంగనూరు ఆవు నడకను సెకనుకు 240 ఫ్రేముల చొప్పున ఫోనులో తీసి చూస్తే, అదే వరుస స్పష్టంగా కనిపించి నాకెంతో ఆనందం కలిగింది.

ప్రతి పాదం కింద ఒత్తిడి సెన్సరును అమర్చి, దాని మీద సైకిల్ ట్యూబు ముక్కను అంటించాను. వైఫై నడుస్తుండగా ఈఎస్‌పీ32లోని రెండో ఏడీసీ (సెన్సరు వోల్టేజిని అంకెగా మార్చే భాగం) పనిచేయదు గనుక సెన్సర్లను 32 నుంచి 35 వరకు గల పిన్నులకే కలిపాను. కాలు ఎత్తవలసిన దశకు వచ్చాక కూడా దాని మీద 120 గ్రాములకు మించి బరువుంటే ఆ డోలకం ఆగుతుంది. పావు సెకను దాటితే మాత్రం ముందుకు సాగుతుంది. ఆ హద్దు పెట్టకపోతే రోబో కొన్నిసార్లు నిలబడిపోయింది.

పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో 3డీ ప్రింటరులో ముద్రించిన కాళ్లను ఎండలో వదిలేస్తే అవి వంగిపోయాయి. అది సుమారు 60 డిగ్రీల వద్దే మెత్తబడుతుంది కాబట్టి వాటిని పీఈటీజీ అనే మరో ప్లాస్టిక్‌తో మళ్లీ ముద్రించాను.

రెండు మీటర్ల దూరాన్ని ఇరవైసార్లు నడిపిస్తే, పట్టికతో పదమూడుసార్లు పడిన రోబో ఇప్పుడు నాలుగుసార్లే పడింది. ఆ నాలుగూ వాలు దిగువకు తిరుగుతున్నప్పుడు జరిగినవే. రేపు ఎండ ఎక్కకముందే ఎంపీయూ6050 అనే కదలికల సెన్సరుతో ఒంపును కొలిచి, తిరిగేటప్పుడు నడుమును ఎగువ వైపుకు 15 మిల్లీమీటర్లు జరిపి చూస్తాను.