గడువు తీరిన డొమైన్‌కు విలువ ఎక్కడినుంచి వస్తుంది?

మా కడియం ప్రాంతపు నర్సరీ మొక్కల గురించి, పెరటి తోటకు కావలసిన పనిముట్ల గురించి రాసే నా వెబ్‌సైటుకు ఆదాయం అఫిలియేట్ లింకుల నుంచే వస్తుంది. పాఠకుడు నా పుటలోని లింకు నొక్కి కొమ్మలు కత్తిరించే కత్తెరో, స్ప్రేయరో కొంటే, అతనికి ధర పెరగకుండానే నాకు కొంత కమీషన్ దక్కుతుంది. అమెజాన్ 1996లోనే మొదలుపెట్టిన ఈ పద్ధతిలో సరుకు నిల్వ పెట్టుకోనక్కరలేదు. కష్టమంతా పాఠకులను రప్పించుకోవడంలోనే ఉంది. కొత్త సైటు గూగుల్‌లో పైకి రావడానికి చాలా కాలం పడుతుంది కనుక, ఎవరో వదిలేసిన పాత డొమైన్ (సైటు చిరునామాగా నమోదైన పేరు) కొని దానికున్న బ్యాక్‌లింకులతో, అంటే ఇతర సైట్లు దానికి ఇచ్చిన లింకులతో, ఆ దారి దగ్గర చేసుకోవాలని ఈ రంగంలో చాలామంది చూస్తారు. ఒక పుటకు ఎవరెవరు లింకు ఇచ్చారన్న దాన్ని బట్టి దాని విలువ కట్టే పేజ్‌ర్యాంక్ పద్ధతిని లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో ప్రకటించిన నాటి నుంచీ ఈ ఆశకు ఆధారం ఉంది.

నమోదు గడువు తీరిన మరునాడే పేరు బజారున పడదు. డాట్ కామ్ వంటి పేర్లకు, వాటిని మనకు నమోదు చేసిపెట్టే సంస్థ అయిన రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల దాకా, యజమాని రెన్యూ చేసుకునే వ్యవధి ఉంటుంది. ఆపైన 30 రోజుల పాటు ఎక్కువ రుసుము కట్టి విడిపించుకోవచ్చు. అప్పటికీ ఎవరూ రాకపోతే మరో 5 రోజులకు, ఆ పేర్ల మొత్తం పట్టికను నిర్వహించే రిజిస్ట్రీ ఆ పేరును తొలగిస్తుంది, తొలగించిన క్షణంలోనే పట్టుకోవడానికి డ్రాప్‌క్యాచ్ వంటి సంస్థలు కాచుకుని ఉంటాయి. మంచి పేర్లు చాలావరకు అంతదాకా రావు. మొదటి వ్యవధిలోనే రిజిస్ట్రార్లు వాటిని వేలానికి పెడతారు. అలా పాడుకున్న పేరుకు పాత నమోదు తేదీ కొనసాగుతుంది, తొలగిపోయి మళ్లీ నమోదైన పేరుకు కొత్త తేదీ పడుతుంది.

మా గోదావరి జిల్లాల్లో అయిదు సెంట్ల స్థలం కొనాలన్నా ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు వరసగా చూసుకుని, పక్క స్థలాల వాళ్లను విచారించి గానీ బయానా ఇవ్వరు. డొమైన్ విషయంలోనూ అంత విచారణా జరగాలని నేను గట్టిగా నమ్ముతాను. రావులపాలెంలో ఉండే, నాకు వరసకు కొడుకయ్యే కుర్రవాడు ఆమధ్య ఫోన్ చేసి, "బాబాయ్, దీనికి డొమైన్ అథారిటీ 40 దాటింది, వేలం రేపటితో అయిపోతుంది, పాడెయ్యమంటారా?" అని అడిగాడు. "ముందు దాని పాత పుటలు తియ్యరా, తరువాత మాట్లాడుకుందాం" అన్నాను.

ఇద్దరం, సైట్ల పాత పుటలను దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేరు కొట్టి చూశాం. మొదటి సంవత్సరాల పుటల్లో గులాబీ పెంపకందార్ల సంఘం ఒకటి కనిపించింది: కొమ్మ ఎక్కడ కత్తిరించాలో, చీడ పడితే ఏం చల్లాలో ఓపికగా రాసిన వ్యాసాలు, చివర సభ్యుల సమావేశ తేదీలు. ఆ తరువాత కొంతకాలం ప్రకటనలు తప్ప ఏమీ లేని ఖాళీ పుట. దాని తరువాత మాకు చదవను రాని భాషలో జూదం పుటలు. బ్యాక్‌లింకుల జాబితా తీస్తే గులాబీ సంఘానికి తోటమాలులు ఇచ్చిన లింకులు అడుగున పడిపోయాయి, పైనంతా క్యాసినో పేర్లే ఉన్నాయి. వాడు చెప్పిన డొమైన్ అథారిటీ 40 అనే అంకె, లింకులను బట్టి సైటు బలాన్ని అంచనా వేస్తూ మోజ్ అనే సంస్థ లెక్కగట్టేది. గూగుల్ దాన్ని వాడదు, పైగా డబ్బిచ్చి లింకులు పెట్టించి దాన్ని పెంచవచ్చు. పాత యజమాని కాలంలో గూగుల్ ఆ సైటుపై చర్య తీసుకుని ఉంటే, ఆ సంగతి గూగుల్ సైటు యజమానులకిచ్చే సెర్చ్ కన్సోల్‌లో కనబడేది మనం కొని, యాజమాన్యం రుజువు చేసుకున్న తరువాతే. వాడు ఆ వేలం వదిలేశాడు.

2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నిబంధనల్లో గడువు తీరిన డొమైన్ల దుర్వినియోగాన్ని పేరు పెట్టి చేర్చింది. ఒకప్పటి ప్రభుత్వ సంస్థ సైటులో అఫిలియేట్ వ్యాసాలు, వైద్య ధర్మసంస్థ సైటులో వైద్య సరుకుల వ్యాపారం, ప్రాథమిక పాఠశాల సైటులో జూదం: ఆ నిబంధనలో ఇచ్చిన ఉదాహరణలు ఇవే. అఫిలియేట్ ఆదాయం మీద బతుకుతున్నవాడినే అయినా ఆ నిబంధన న్యాయమైనదని నా అభిప్రాయం. ఆ లింకులు ఇచ్చినవాళ్లు నమ్మింది పాత యజమాని పనిని. ఆ నమ్మకం వేలంలో చేతులు మారదు. అదే నిబంధన పాత పేరు మీద జనానికి పనికొచ్చే కొత్త సైటు కట్టుకోవడాన్ని తప్పు పట్టదు. పాత పేరులోని పుటలన్నిటినీ సంబంధం లేని మన సైటు మొదటి పుటకు మళ్లించే అలవాటు మాత్రం మానుకోవాలి, అటువంటి మళ్లింపులను గూగుల్ తరచుగా లేని పుటలుగానే లెక్కగడుతుంది.

అందుకే నేను తోటల గురించి నడిచిన పేర్లనే చూస్తాను. కొన్నాక, ఇతరులు లింకు ఇచ్చిన పాత పుటల చిరునామాల్లో అదే అంశం మీద నా వ్యాసం నేనే కొత్తగా రాసి పెడతాను, ఎందుకంటే పాత వ్యాసాల కాపీరైట్ డొమైన్‌తో పాటు రాదు. లింకు ఇచ్చిన సైట్లవారికి యాజమాన్యం మారిందని జాబు రాస్తాను; కొందరు లింకు తీసేస్తారు, అది వారి హక్కు. కమీషన్ వచ్చే లింకులున్న పుటలో ఆ సంగతి పైనే చెబుతాను, మన దేశపు 2022 ప్రకటనల మార్గదర్శకాలు కూడా అటువంటి సంబంధాన్ని దాచవద్దంటాయి.

ఈ వేలాలు చూస్తున్నకొద్దీ మన ఊళ్ల పేర్ల మీద నాకు దిగులు ఎక్కువవుతోంది. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె మీద, నరసాపురం లేసు అట్ట మీద అచ్చయిన చిరునామా గడువు తీరితే రేపు అక్కడ ఏ జూదపు పుట తెరుచుకుంటుందో చెప్పలేం. గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, తీరిన 5 రోజుల లోపల మరోసారి రిజిస్ట్రార్ జాబు పంపాలని, డొమైన్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ నియమం ఉంది. అయితే చాలా చిన్న వ్యాపారాలకు సైటు కట్టిచ్చిన కుర్రవాడి ఈమెయిల్‌తోనే నమోదు జరుగుతుంది, అతను హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్లిపోయాక ఆ జాబులు చూసే దిక్కుండదు. దుకాణం వాళ్లు ఈ వారమే రిజిస్ట్రార్ ఖాతాను తమ పేరుకు, తాము రోజూ చూసే ఈమెయిల్‌కు మార్పించుకోవాలి. డాట్ కామ్ పేరుకైతే ఒకేసారి 10 సంవత్సరాల దాకా రుసుము కట్టి ఉంచుకోవచ్చు.