రిసైటల్‌కి ఏ పీస్ ఇవ్వాలి?

రిసైటల్ (విద్యార్థులు స్టేజీ మీద అందరి ముందూ వాయించే కచేరీ) తేదీ చెప్పగానే నా పియానో క్లాసులో అందరూ అడిగేది ఒకటే: "ఫ్యూర్ ఎలీజ్". దాని మొదలు వినడానికి ఎంత బాగుంటుందో వాయించడానికీ అంత సులువు. చిక్కంతా ఆ తర్వాతే. బీథోవెన్ మధ్యలో రెండు భాగాలు పెట్టాడు. ఒకదాంట్లో కుడిచెయ్యి ఉన్నట్టుండి పరుగందుకుంటుంది. ఇంకోదాంట్లో ఎడమచెయ్యి ఒకే కీని ఆపకుండా కొడుతూ ఉండాలి. మొదలుపెట్టిన స్పీడులోనే అక్కడికి వెళ్తే పిల్లలు తడబడతారు.

అందుకే ఏ పీస్ చూసినా నేను ముందు వెతికేది అందులోని అన్నిటికన్నా కష్టమైన బార్‌ని, అంటే తాళం లెక్కన విడదీసిన చిన్న ముక్కని. పిల్లలు దాన్ని ఏ స్పీడులో తప్పులేకుండా వాయించగలరో, మొత్తం పీస్‌కీ అదే స్పీడు. అప్పుడది ఈడుస్తున్నట్టు వినిపిస్తే, ఈ ఏడాదికి ఆ పీస్ వద్దు. "మొదటి పేజీ వరకే వాయిస్తాడులెండి" అంటారు కొందరు తల్లిదండ్రులు. నేనొప్పుకోను. చిన్నదైనా సరే, పూర్తి పీసే కావాలి.

ఆర్భాటంగా వినిపించాలంటే బుర్గ్‌ముల్లర్ పీసుల సంపుటి ఓపస్ 100లో "అరబెస్క్" ఉంది. వినేవాళ్ళకి అబ్బో అనిపిస్తుంది, చేతికి మాత్రం చాలావరకు ఐదు వేళ్ళ కిందే అమరే వరసలు. మధ్యలో ఆ వరసలు ఎడమచేతికి వస్తాయి. ప్రాక్టీసు అక్కడినుంచే మొదలెట్టిస్తాను.

స్టేజీ అంటే టెన్షన్ పడేవాళ్ళకి షూమన్ "వైల్డ్ హార్స్‌మన్" ఇస్తాను. 1848లో పెద్ద కూతురి ఏడో పుట్టినరోజుకని రాసిన చిన్న పీసులతో మొదలై, పెరిగి పుస్తకమైన సంపుటిలోది. ట్యూన్ ముందు కుడిచేతిలో, తర్వాత ఎడమచేతిలో, మళ్ళీ కుడిచేతిలో. భయం ముదిరేలోపే అయిపోతుంది!

చేతులు చిన్నవైతే ఆక్టేవులున్న (ఒక స నుంచి పై స దాకా చెయ్యి చాపి రెండు కీలూ కలిపి నొక్కాల్సిన) పీస్ జోలికి పోను. అందని కీ కోసం సాగదీస్తే మణికట్టు బిగుసుకుపోతుంది. ఇంట్లో తేలికైన కీబోర్డు మీద ప్రాక్టీసు చేసేవాళ్ళకి హాల్లో పియానో కీలు బరువుగా తగులుతాయి. వాళ్ళకి గబగబా ఒకే కీ కొట్టే పీసులు ఇవ్వను.

పెద్దవయసు విద్యార్థుల సంగతి వేరు. వాళ్ళు ఇష్టపడిన పీస్ అయితేనే ప్రాక్టీసు చేస్తారు కాబట్టి కొంచెం కష్టమైనదైనా సరే అంటాను. కాకపోతే పిల్లలకైనా పెద్దలకైనా ఒకటే రూలు: కొత్త పీస్ రిసైటల్‌కి నెల ముందే ఎక్కడా ఆగకుండా వచ్చెయ్యాలి. రాకపోతే ఇదివరకు బాగా వచ్చినదే వాయిస్తారు. ఇందులో బేరాల్లేవు.