రెండు మానిటర్లపై ఒకే కుంకుమ రంగు

పెళ్లి ఫొటోలు దిద్దే నా పనికి రెండు మానిటర్లు వాడుతున్నాను. ఎడమవైపుది డీసీఐ-పీ3 అనే విశాలమైన రంగుల పరిధిని చూపగలిగినది, కుడివైపుది అంతకంటే చిన్నదైన ఎస్‌ఆర్‌జీబీ పరిధిని చూపే మామూలు మానిటర్. గత నెల ఒక పెళ్లికూతురి కుంకుమ రంగు పట్టుచీర ఎడమ తెరపై నిప్పుకణికలా మండుతూ కనిపించింది. ఫొటోషాప్ కిటికీని కుడివైపుకు లాగగానే అదే చీర వెలిసిన ఇటుక రంగుకు దిగిపోయింది.

కారణం వెదకడానికి ఒక పూట పట్టింది. గ్రాఫిక్స్ కార్డు మార్చాక విండోస్‌లో మానిటర్ల ఐసీసీ ప్రొఫైళ్లను మళ్లీ జతచేసేటప్పుడు, విండోస్ ఇచ్చిన ఏ అంకె ఏ మానిటర్‌దో సరిచూసుకోకుండా ఒకదాని ప్రొఫైల్‌ను మరొకదానికి ఇచ్చాను. ఐసీసీ ప్రొఫైల్ అంటే ఆ మానిటర్ రంగులను ఎలా చూపుతుందో చెప్పే వివరణ మాత్రమే. అది మానిటర్ శక్తిని పెంచదు, తగ్గించదు. ఎడమదాన్ని ఎస్‌ఆర్‌జీబీ మానిటర్ అనుకున్న ఫొటోషాప్ ఎరుపును తగ్గించకుండా పంపింది; కుడిదాన్ని పీ3 అనుకుని అనవసరంగా తగ్గించింది. కలర్ మేనేజ్‌మెంట్ కిటికీలో మానిటర్లను గుర్తించే బటన్ నొక్కితే ప్రతి తెరపై దాని అంకె పెద్దగా కనిపిస్తుంది. ప్రొఫైల్ జతచేసే ముందు ఆ బటన్ తప్పక నొక్కాలని ఇప్పుడు గట్టిగా చెబుతాను.

జత సరిచేశాక రెండింటినీ కలరిమీటర్‌తో, అంటే తెర రంగులను కొలిచే పరికరంతో, మళ్లీ కొలిచాను. తెరను పసుపుగా మార్చే నైట్ లైట్ ఆపి, మానిటర్లను అరగంట వెలగనిచ్చి, ముందుగా వాటి సొంత బటన్లతోనే వెలుగును చదరపు మీటరుకు 120 క్యాండెలాలకు, తెలుపును 6500 కెల్విన్‌కు తెచ్చి, నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు పెరిగే తీరును చెప్పే గామాను 2.2గా పెట్టుకుని, ఆ తర్వాతే డిస్‌ప్లేకాల్ అనే సాఫ్ట్‌వేర్‌తో దేనికి దానికి విడిగా ప్రొఫైల్ తయారుచేశాను. వెలుగు సమానంగా లేకపోతే ప్రొఫైళ్లు ఎంత చక్కగా ఉన్నా రెండు తెరలూ ఒకేలా కనిపించవు, ఎందుకంటే మసక తెరపై రంగు కూడా కంటికి పలచబడినట్టే ఉంటుంది.

ఇంత చేసినా విండోస్ డెస్క్‌టాప్‌పై ఉండే ఐకాన్లు ఎడమవైపు కాస్త గాఢంగానే ఉన్నాయి. ఫొటోషాప్ ప్రొఫైల్‌ను చదువుతుంది, డెస్క్‌టాప్ చదవదు; అందుకే ఇది లోపం కాదు, దాన్ని సరిచేయబోయి మానిటర్ సెట్టింగులు కదపకూడదు.

ఇప్పుడు ఆ చీరను అటూ ఇటూ లాగినా కుంకుమ రంగు నిలుస్తోంది. కొంగు మడతల్లో బాగా ముదిరిన ఎరుపు ఉన్న చోట మాత్రం కుడి తెర ఆ గాఢతను అందుకోలేదు, కాబట్టి అక్కడ ఎడమ తెర మాటే వింటున్నాను.