గ్లిఫ్లోజిన్ మాత్రలు: మీటరు చూపని ప్రమాదం

మా నాన్నగారి మందుల చీటీలో డాపాగ్లిఫ్లోజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర చేరినప్పటి నుంచి షుగరు వ్యాధికి వాడే ఈ గ్లిఫ్లోజిన్ తరగతి మందుల గురించి శ్రద్ధగా చదువుతున్నాను. ఎంపాగ్లిఫ్లోజిన్, కెనాగ్లిఫ్లోజిన్ కూడా ఈ కోవలోవే. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లోనూ, ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025లోనూ ముగియడంతో ధరలు బాగా తగ్గి, ఇవి సామాన్యులకూ అందుబాటులోకి వచ్చాయి. వీటి గురించిన అవగాహన మాత్రం ఇంకా అంతగా పెరగలేదు.

మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. ఆరోగ్యవంతుల్లో దానితోపాటు వచ్చే 160 నుంచి 180 గ్రాముల గ్లూకోజు దాదాపు మొత్తం తిరిగి రక్తంలోకి చేరుతుంది. అందులో సుమారు 90 శాతాన్ని వెనక్కి పంపేది ఎస్‌జీఎల్‌టీ2 అనే ప్రోటీను. ఈ మాత్రలు ఆ ప్రోటీనును అడ్డుకోవడం వల్ల గ్లూకోజులో కొంత మూత్రంతో బయటకు పోతుంది. కాబట్టి ఇవి వాడేవారి మూత్రపరీక్షలో గ్లూకోజు కనిపించడం సహజం, దానికి బెదిరిపోనక్కరలేదు. క్లోమం చేత అదనంగా ఇన్సులిన్ విడుదల చేయించవు గనుక, ఇవి ఒక్కటే వాడితే షుగరు మరీ పడిపోవడం అరుదు. ఇన్సులిన్‌తోనో, ఇన్సులిన్ విడుదలను పెంచే గ్లిమిపిరైడ్‌తోనో కలిపి వాడితే ఆ భయం ఉంటుంది. గుండెకూ మూత్రపిండాలకూ ఇవి చేసే మేలు పెద్ద అధ్యయనాల్లో రుజువైంది. నాన్నగారికి రాసినప్పుడు నేను అభ్యంతరం చెప్పకపోవడానికి కారణం అదే.

మర్మావయవాల దగ్గర దురద, ఫంగస్ తరచుగా కనిపించే ఇబ్బందులు. శుభ్రత పాటిస్తే, త్వరగా చూపించుకుంటే చాలావరకు తగ్గుతాయి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కీటోఅసిడోసిస్, అంటే కొవ్వు కరగడం వల్ల పుట్టే కీటోన్లనే ఆమ్ల పదార్థాలు రక్తంలో పేరుకుపోవడం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని గురించి 2015లోనే హెచ్చరించింది. ఇది అరుదే అయినా, మామూలుగా ఈ స్థితిలో షుగరు విపరీతంగా పెరుగుతుందని అందరూ అనుకుంటారు గనుక, ఈ మాత్రలు వేసుకునేవారిలో మీటరు మీద 180 మాత్రమే కనిపిస్తున్నా రక్తం ఆమ్లంగా మారుతుండవచ్చన్న సంగతి ఎవరికీ తట్టదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం ఉంటే అంకె బాగుంది కదా అని ఊరుకోకుండా, వెంటనే ఆసుపత్రికి వెళ్లి రక్తంలో కీటోన్లు చూపించుకోవాలి.

ఈ ముప్పు ఉంది కాబట్టే, ఏకాదశికో, రంజాన్‌కో ఉపవాసం ఉండేవారు ముందుగా డాక్టరును అడిగి తీరాలి. విరేచనాలతో ఒళ్లు డస్సిపోయిన రోజుల్లో మాత్ర ఆపమనే సాధారణంగా చెబుతారు. ముందే నిర్ణయమైన ఆపరేషనుకు కనీసం 3 రోజుల ముందు వీటిని ఆపాలన్నది ఎఫ్‌డీఏ సూచన. కంటి శుక్లాల లాంటి చిన్న ఆపరేషనైనా సరే, మాత్ర పేరును మత్తు డాక్టరుకు ముందే చెప్పి, ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో వారినే అడగాలి.