కళ్ళజోడు గిన్నె: ఉప్పుపిండితో పన్నెండు రోజులు

1వ రోజు: అమ్మమ్మ పుట్టినరోజుకి ఏం చేసిద్దామే అని మా ఐదేళ్ళ పిల్లనడిగితే ఠక్కున "డైనోసార్" అంది. అమ్మమ్మకెందుకే? "నాకిష్టం కదా!" నేను వాదించలేదు. రేపంతా అమ్మమ్మ దేనికోసం వెతుక్కుంటుందో చూసి చెప్పమన్నాను.

2వ రోజు: రాత్రి రిపోర్టు వచ్చింది. "కళ్ళజోడు. మూడుసార్లు. ఒకసారి తల మీదే ఉంది." కళ్ళజోడు పెట్టుకునే గిన్నె ఖాయమైంది. డైనోసార్ మాత్రం అడుగున బొమ్మగా ఉండి తీరాలట.

3వ రోజు: రెండు కప్పుల మైదా, కప్పు సన్న ఉప్పు, కప్పుకి కాస్త తక్కువ నీళ్ళు. నీళ్ళు ఒక్కసారే పోసేస్తే పిండి జారైపోతుంది, పిల్లకి చెంచాతో పోయడం అప్పగించాను. ప్రతి చెంచాకీ "చాలా?" అని అడగడం, వేలితో నొక్కి చూడడం. కొలత వేలికి తెలిసేది ఇలాగే కాబోలు. పది నిమిషాలు పిసికాం. ఇందులో ఉప్పు చాలా ఎక్కువ, నోట్లో పెట్టుకోనివ్వకూడదు. కుక్క గానీ పిల్లి గానీ ఉన్న ఇల్లయితే వాటికి అందకుండా ఉంచాలి, తింటే ప్రమాదం.

తనకి నచ్చిన గుండ్రటి గిన్నెలో ప్లాస్టిక్ కవరు పరిచి, పిండిని చపాతీలా వత్తి అందులో అద్దింది. బాగానే వచ్చింది. కళ్ళజోడే పట్టదు! నేనేమీ అనకుండా దారం ముక్క చేతికిచ్చాను. అమ్మమ్మ నిద్రపోతుండగా పిల్లిలా వెళ్ళి, మడిచిన కళ్ళజోడు పొడవున దారం కత్తిరించుకొచ్చింది. దానికి రెండు వేళ్ళ వెడల్పు కలిపి, ఈసారి కోలపళ్ళెంలో అద్దాం.

4వ రోజు: రహస్యం దాచలేకపోతోంది. పొద్దున్నే వెళ్ళి "అమ్మమ్మా, మేం నీకోసం గిన్నె చెయ్యట్లేదు" అని చెప్పొచ్చింది.

6వ రోజు: పగులు. అంచు పల్చగా వత్తడంతో మధ్య భాగం కంటే ముందే ఆరిపోయి చీలింది. ఏడుపు, అలక, ఓ పూట సమ్మె. సాయంత్రం మిగిలిన పిండిలో నీళ్ళు కలిపి పేస్టు చేసి, పగులు తడిపి నింపాం. మచ్చ కనబడుతోంది. కనబడితే డైనోసార్ తోక అయిపోతుందని తనే తేల్చింది. పళ్ళెంలోంచి తీసి, పూటకోసారి తిరగేస్తూ నీడన ఆరబెట్టాం. అంచు 7-8 మిల్లీమీటర్ల మందం ఉంటే బాగుండేది.

10వ రోజు: రంగులు. బ్రష్షు నిండా నీళ్ళు తీసుకుంటే ఉప్పుపిండి మళ్ళీ జిగురుజిగురుగా అవుతుంది. అయ్యింది కూడా, ఓ పూట ఆగాల్సొచ్చింది. ఎరుపు వద్దట, అమ్మమ్మ చీరలన్నీ నీలమేనట. ఇది నేనెప్పుడూ గమనించలేదు.

11వ రోజు: వార్నిష్ నేనే వేశాను, కిటికీలు తెరిచి, రెండు పూతలు. లేకపోతే గాలిలో తేమకి ఉప్పు చెమ్మగిల్లుతుంది.

12వ రోజు: ఇచ్చేశాం. చెయ్యట్లేదన్న గిన్నె ఇదేనా అంది అమ్మమ్మ. కళ్ళజోడు పట్టింది, కొంచెం ఒరిగి కూర్చుంది.

రాత్రి పిల్ల నా చెవిలో చెప్పింది: "నాన్న ఛార్జర్ కోసం వెతుకుతున్నాడు. రెండుసార్లు."